కీచుమంటాంది కారా, నేనా?

(హన్మకొండ, నక్కలగుట్ట దగ్గర ఒక ఇల్లు. ఆదివారం పొద్దున. సదానందం కూరగాయలు తీసుకుని కారును ఇంట్లోకి తెస్తున్నాడు. గేటు పట్టుకొని సరళ. మరునాడు ఇంటిల్లిపాదీ యాదగిరిగుట్టకు పోవాలి.)

సరళ: ఆగు. మల్లొకసారి బ్రేకు కొట్టు.

సదానందం: ఎందుకు? గేటుకు తాకిందా?

సరళ: గేటుకేం కాలే. కొట్టు.

(కీచ్‌‌! పక్కింటి కుక్క లేచి నిలబడింది.)

సరళ: విన్నవా?

సదానందం: కుక్కనా?

సరళ: కారు!

సదానందం: ఓ, గదా. రాత్రి వాన పడ్డది కాదె. తడికి చక్రాలతోటి తిరిగే ఇనుప డిస్కుల మీద తుప్పు పడ్తది. రెండు మూడు బ్రేకులు కొడితె అదే పోతది. ప్రతి కారుకు ఉండేదే.

(ఇది నిజమే. సదానందంతో వచ్చిన చిక్కే ఇది. ఆయన చెప్పే సాకుల్లో సగం నిజాలు.)

సరళ: తుప్పు సప్పుడైతె సందు దాటకముందే పోవాలె. నువ్వు చౌరస్తా దాక పోయొచ్చినవ్. ఇంకోటి, ఇది ఇయ్యాల్టి సప్పుడు కాదు. బతుకమ్మ పండుగప్పటి సంది వింటాన. అప్పటి సంది రోజూ వాన పడ్తాందా?

సదానందం: టైర్ల రాయి ఇరికింది కావొచ్చు.

సరళ: టైర్ల రాయి ఉంటె బండి నడిచినంతసేపు టకటక అంటది. ఇది నువ్వు కాలు పెడితేనే అంటాంది, తీస్తె ఊకుంటాంది.

సదానందం: నాకైతె ఎన్నడు వినపడలే.

సరళ: ఎట్ల వినపడ్తది? కాజీపేట బ్రిడ్జి దిగేటప్పుడు కీచుమనంగనే రేడియో సౌండ్ పెంచితివి. పక్కనే కూసున్న, చూసిన.

సదానందం: మంచి పాట వస్తుండె.

సరళ: అది పాట కాదు, పత్తి విత్తనాల అడ్వర్టైజ్‌మెంటు.

సదానందం: అసలు నీకేమెరుక కార్ల సంగతి?

సరళ: మా బాపు కాజీపేట జంక్షన్ల బోగీల కిందికి దూరి బ్రేక్ బ్లాకులు చూసిన మనిషి. రైల్వే క్వార్టర్లల పెరిగిన నేను. ఇనుము మీద ఇనుము రాస్తె ఎట్లుంటదో నిద్రల గూడ చెప్త.

సదానందం: ఇది గూడ్సు బండి కాదు.

సరళ: గూడ్సు బండైతె చూసేటోళ్లు ఉంటరు. దీనికి నువ్వున్నవ్. అయినా నేను పుస్తకం గూడ చదివిన.

సదానందం: ఏం పుస్తకం?

సరళ: కారుతోటి ఇచ్చింది. నువ్వు దాని కవర్ గూడ చింపలే.

సదానందం: చింపినవా! అమ్మేటప్పుడు కొత్తగ కనపడాలని దాచిపెట్టిన!

సరళ: ఆ పుస్తకంల కొంత, మన మెకానిక్ నోట కొంత విన్న, నువ్వు గూడ విను. బ్రేకు కొడితె డిస్కును ఒత్తిపట్టేటియి ప్యాడ్లు, వాటి మీద అరిగే పొరనే మందు అంటరు. కొత్త ప్యాడ్ల మందు దగ్గర దగ్గర 10 మిల్లీమీటర్లు ఉంటది. అరుగుకుంట అరుగుకుంట 3 మిల్లీమీటర్ల కాడికి వస్తె మార్చుడే. చాన ప్యాడ్లకు పక్కపొంటి చిన్న ఇనుప రేకు ఉంటది. మందు అరిగినంక ఆ రేకు డిస్కుకు తాకి కీచుమంటది. చెడిపోయి వచ్చే సప్పుడు కాదు. మనకు తెల్వాలనే పెట్టిన సప్పుడు.

సదానందం: కావాలనే పెట్టిండ్రా? అంటె కారు పద్ధతిగనే పనిచేస్తాందన్నట్టు.

(సరళ కూరగాయల సంచి కింద పెట్టింది. ఆమె చేతులు ఖాళీ అయ్యాయంటే మాట ఇప్పట్లో తెగదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.)

సరళ: టార్చి తే.

(సదానందం సెల్‌ఫోన్ లైటు వేసి ముందు చక్రం సందుల్లోంచి తొంగి చూశాడు.)

సదానందం: ఇగో, చూడు. ఏలు మందం ఉన్నది. ఉత్తగనే పరేషాన్ చేస్తవ్.

సరళ: జరుగు. నువ్వు చూసింది ఎనుక ఉండే ఇనుప ప్లేటు. దానికీ డిస్కుకూ నడుమ నల్లగ గీత కనపడ్తాందా? చాయ్‌ల ముంచిన బిస్కెట్ లెక్క మిగిలింది చూడు, గదీ ప్యాడ్ అంటె.

సదానందం: ...ఉన్నది కదా మరి.

సరళ: ఇది బయటిది. లోపట ఇంకోటి ఉంటది, అది ఈ సందుల నుంచి సరిగ కనపడది. ప్యాడ్లను పట్టుకునే క్యాలిపర్ పిన్నులు బిగుసుకపోతె లోపటిదే ముందుగాల అరుగుతది. చక్రం విప్పితె గని తెల్వది.

సదానందం: అన్ని బల్బులు పెట్టిండ్రు కారుల. అంత అరిగితె ఎర్ర లైటు ఎలగకపోవునా?

సరళ: ఎలిగింది! మొన్న హంటర్ రోడ్డు మలుపుల ఎలిగింది. నువ్వేమన్నవ్?

సదానందం: హ్యాండ్ బ్రేకుది అన్న. అది హ్యాండ్ బ్రేకు లైటే.

సరళ: హ్యాండ్ బ్రేకుకూ అదే లైటు, బ్రేక్ ఆయిల్ తక్కువైనా అదే లైటు. ఆయిల్ అంచు కాడికి దిగితె మలుపు తిరిగినప్పుడు ఊగి ఎలుగుతది.

సదానందం: అందుకే మరి తెల్లారి డబ్బా తెచ్చి పోసిన. నిండుగ! లైటు పోయింది. ఇగ దానికేమంటవ్?

సరళ: ఆయిల్ ఏడికి పోయిందని అడిగినవా? కింద చుక్క లేదు.

సదానందం: ఆవిరైంది.

సరళ: ప్యాడ్లు అరిగినకొద్ది వాటిని నెట్టే పిస్టన్లు బయటికి జరుగుతయ్. ఆ జాగల ఆయిల్ పోయి నిండుతది. అందుకే కారు ఆయిల్ డబ్బాల తక్కువైంది. కారు నీకు రెండోసారి చెప్తె, దాని నోట్ల ఆయిల్ పోసి మూసినవ్.

సదానందం: సరే తియ్, గుట్టకు పోయొచ్చినంక చూద్దాం.

సరళ: గుట్ట ఎక్కుడు సంగతి కాదు, దిగుడు సంగతి చెప్పు.

సదానందం: సెకండ్ గేర్ల దిగుత.

సరళ: గేరు కొంత పట్టుకుంటది, కాదన్న. మలుపు కాడ బర్రె అడ్డమొస్తె గేరుతోటి ఆపుతవా? ఇంకోటి, బ్రేకు కొడ్తె బండి ఎడమ దిక్కు గుంజుతాంది.

సదానందం: ఎడమ దిక్కే కదా మీ అమ్మగారిల్లు. కారుకు గూడ తొవ్వ అలవాటైంది.

సరళ: నవ్వు, నవ్వు. ఒక దిక్కు క్యాలిపర్ పట్టుకుంటె గట్లనే గుంజుతది. ఇప్పుడు కీచు అంటాంది. రేపు గర్రుమంటది. గర్రు అంటె మందు ఒడిసి ప్లేటే డిస్కును చెక్కుతాందన్నట్టు. అప్పుడు ప్యాడ్ల పైసలతోటి పోదు, డిస్కులు గూడ కొనాలె.

సదానందం: దీపావళి బోనస్ వచ్చినంక...

(ప్రాణభయం పనిచేయలేదు. డబ్బు భయం కూడా పనిచేయలేదు. సరళ ఇంకో దారి వెతికింది.)

సరళ: నీ ఇష్టం. కని ఒక్క మాట. నువ్వు నిండుగ పోసినవు కదా ఆయిల్. ఎన్నడో ఒకనాడు కొత్త ప్యాడ్లు ఎక్కిచ్చేటప్పుడు పిస్టన్లను ఎనుకకు నెడ్తరు. అప్పుడు ఆ ఆయిల్ డబ్బాల నుంచి పొర్లుతది. చూసుకోకపోతె పెయింట్ మీద పడ్తది. బ్రేక్ ఆయిల్ పడ్డకాడ పెయింట్ లేస్తది.

(సదానందం లేచి నిలబడ్డాడు. రోజూ తెల్లబట్టతో తుడిచే బానెట్‌ను అరచేత్తో ఒకసారి నిమిరాడు.)

సదానందం: ...పెయింట్ లేస్తదా?

సరళ: ముందుగాలనే మెకానిక్‌కు చెప్తె, కొంచెం ఆయిల్ తీసి పెడ్తడు.

సదానందం: తాళం ఏది? తాళం ఏది?

సరళ: నీ చేతులనే ఉన్నది. మెల్లగ పో.

సదానందం: సప్పుడు ఎడమ దిక్కే వస్తాంది కదా, ఆ ఒక్క దిక్కే మార్పిస్త.

సరళ: ఒక చెప్పు కొత్తది, ఒక చెప్పు పాతది ఏసుకొని పెండ్లికి పోతవా? ముందటి రెండు చక్రాలకు కలిపే మార్చాలె. లేకపోతె ఒక దిక్కు ఎక్కువ పడ్తది బ్రేకు.

సదానందం: మరి ఎనుకయి?

సరళ: మనదానికి ఎనుక డిస్కులు, ప్యాడ్ల జాగల డ్రమ్ములు, షూలు ఉంటయ్. బ్రేకు కొట్టంగనే బరువు ముందటికి పడ్తది, అందుకే ముందటియి జల్ది అరుగుతయ్. అయినా ఎనుకయి గూడ చూడుమను, పోయినోనివి పోయినట్టే.

(మధ్యాహ్నం. కారు నిశ్శబ్దంగా గేటులోకి వచ్చింది. కుక్క లేవలేదు.)

సదానందం: అయిపోయింది! లోపటి ప్యాడ్ నిజంగనే రేకు కాడికి వచ్చింది. డిస్కులు మంచిగనే ఉన్నయట. పెయింట్ మీద చుక్క గూడ పడలే, నేనే బట్ట పట్టుకొని నిలబడ్డ. ఇగ రేపు గుట్టకు...

సరళ: మెకానిక్ ఇంకేమన్నా చెప్పిండా?

సదానందం: ఏం లేదు. కొత్త ప్యాడ్లు డిస్కుకు సరిగ కూసునే దాక, ఒక 300 కిలోమీటర్లు, గట్టిగ బ్రేకులు కొట్టొద్దన్నడు. అంతే.

సరళ: అయితె రేపు బస్సే.

సదానందం: పాత ప్యాడ్లుంటె బస్సు, కొత్త ప్యాడ్లుంటె బస్సు! మరి కారెందుకు కొన్నట్టు?

సరళ: తుడుసుకుంటానికి. ఈ వారమంతా ఆఫీసుకు నిమ్మలంగ తిప్పు. వచ్చే ఆదివారం గుట్టకు కారుల పోదాం.

(సాయంత్రం. అరుగు మీద సదానందం. ఫోన్లో తమ్ముడు.)

సదానందం: అరే, నీ బండి బ్రేకులు ఎప్పుడు చూపిచ్చినవ్‌రా? ...గట్ల కాదు, సప్పుడు వినాలె. నేనైతె గేటు కాడనే పట్టిన. చిన్న రేకు ఉంటది, కంపెనోళ్లు కావాలనే పెడ్తరు. మందు 30 మిల్లీమీటర్లకు అరిగిందంటె...

సరళ: (వంటింట్లోంచి) మూడు!

సదానందం: ఆఁ, 3 మిల్లీమీటర్లకు. మీ వదినె గూడ గదే అంటాంది.

సరళ: ఫోన్ ఇటియ్యి.

సదానందం: ఛార్జింగ్ అయిపోతాందిరా, పెట్టేస్తాన.