ఖర్జూరం డబ్బా అడుగున కరపత్రం

మొన్న రంజాన్ నెలలో మా వీధిలోని ఒక ముస్లిం ఇంటికి చర్చి కుర్రాళ్లు ఖర్జూరం డబ్బా ఇచ్చి వెళ్లారు. బంగారు రంగు రిబ్బను కట్టిన మంచి డబ్బా. ఇఫ్తార్ వేళకు పండ్లన్నీ పళ్లెంలోకి వంపితే అడుగున నాలుగు మడతలు పెట్టిన కరపత్రం కనబడింది. ఆ ఇంటావిడ దాన్ని చింపలేదు. అందులో ముస్లింలు ప్రవక్తగా గౌరవించే ఈసా (యేసు) పేరు ఉంది, మరియమ్మ పేరు ఉంది. ఆ పేర్లున్న కాగితాన్ని చెత్తబుట్టలో వేయడానికి ఆవిడకు చేతులు రాలేదు. కరెంటు బిల్లులు పెట్టుకునే అరలో దాచింది. ఇక డబ్బా సంగతి. ఇచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపకూడదు కదా, కడిగి తుడిచి పండగనాడు చేసిన కజ్జికాయలు పెట్టింది. ఎవరింటికి పంపాలో తెలియలేదు. వచ్చినవాళ్లు పేర్లు చెప్పలేదు, మళ్లీ రాలేదు.

నేను క్రైస్తవ ఇంట్లో పుట్టినవాణ్ణే. సువార్త చెప్పొద్దని అనను. రాజ్యాంగం 25వ అధికరణం ప్రచారానికి హక్కు ఇచ్చింది. వీధి మొగలో నిలబడి చెప్పుకోవచ్చు. వినేవాడు వింటాడు, ఇష్టం లేనివాడు బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోతాడు. అందులో దాపరికం లేదు. నా పేచీ అంతా ఆ కాగితాన్ని పండ్ల కింద పెట్టడంతోనే. గోదారి ఒడ్డున పుట్టినవాళ్లకు ఎర అంటే ఏమిటో ఒకరు చెప్పాలా?

కుర్రాళ్లను అనుకుని లాభం లేదు. అంతకు నెల ముందే ఇక్కడ రాజమండ్రిలో ఒక సంఘం 'ముస్లిం పొరుగువారితో స్నేహం' అని రెండు రోజుల శిక్షణ పెట్టింది. నేనూ వెళ్లి వెనక కుర్చీలో కూర్చున్నాను. బయటి ఊరి వక్త, ప్రొజెక్టరు, ఫైలు, పెన్ను. మొదటి వారం పలకరింపు, రెండో వారం బహుమతి, మూడో వారం భోజనానికి పిలుపు, నాలుగో వారం సాక్ష్యం, అంటే మన విశ్వాసం గురించి చెప్పడం. వరిచేలో ఎన్నో రోజున ఏ మందు కొట్టాలో కంపెనీవాళ్లు ఇచ్చే కాగితం గుర్తొచ్చింది నాకు. వాళ్లను మనం ఎలా పిలవాలో గంటన్నర చెప్పారు. వాళ్లు మనల్ని పిలిస్తే ఎలా వెళ్లాలో, వాళ్ల ఇంట్లో ఎలా కూర్చోవాలో, పెట్టింది ఎలా తినాలో ఒక్క ముక్క లేదు. ఎప్పుడూ మనమే పెట్టేవాళ్లం, మనమే చెప్పేవాళ్లం. అలాంటి స్నేహం ఎక్కడైనా ఉంటుందా?

అసలు విచిత్రం మధ్యాహ్నం జరిగింది. బిర్యానీ వడ్డిస్తున్న ఆడవాళ్లలో ఒకావిడ తొమ్మిదేళ్లు కువైట్‌లో ఇంటిపని చేసి వచ్చిన మనిషి. తొమ్మిదేళ్లు ముస్లిం ఇళ్లలోనే నిద్ర లేచింది, వాళ్ల పిల్లలను ఎత్తుకుంది, వాళ్ల ముసలమ్మకు స్నానం చేయించింది, తొమ్మిది రంజాన్‌లకు తెల్లవారుజామున సహరీ వంట వండింది. ఆ హాల్లో ముస్లిం ఇంటి గురించి మాట్లాడే అర్హత ఉన్నది ఆవిడ ఒక్కతే. ఆవిడ గరిటె పట్టుకుని ఉంది. మైకు వక్త దగ్గర ఉంది.

డెల్టాలో చర్చి చరిత్ర మళ్లీ విప్పక్కర్లేదు. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలు నరసాపురం పరిసరాల్లో పాతుకుపోవడం, తర్వాత రాజమండ్రిలో లూథరన్లు, కాకినాడలో కెనడియన్ బాప్టిస్టులు, బడులు, ఆస్పత్రులు, లేసు అల్లికలు అందరికీ తెలిసినవే. వాళ్లు ఎక్కువగా వెళ్లింది దళిత పేటలకు. రాజమండ్రి పెద్ద మసీదేమో 1324 నాటిది. అంటే చర్చి గంట మోగడానికి అయిదు వందల ఏళ్ల ముందే ఈ ఊళ్లో అజాన్ వినబడింది. ఇన్నాళ్లూ పక్కపక్కనే ఉన్నా ఒకరి గుమ్మం ఒకరు తొక్కింది తక్కువ. పీర్ల పండక్కి హిందువులు కదిలినట్టు మనవాళ్లు కదల్లేదు, విగ్రహారాధన అవుతుందేమోనని భయం. తగువు లేదు. పరిచయమూ లేదు.

ఆ పరిచయం జరిగింది ఇక్కడ కాదు, గల్ఫ్‌లో. కోనసీమ నుంచి, నరసాపురం, పాలకొల్లు వైపు నుంచి ఆడవాళ్లు కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్లడం దశాబ్దాలుగా నడుస్తోంది. వాళ్లలో క్రైస్తవులూ ఉన్నారు. కువైట్‌లో సెలవు శుక్రవారం కాబట్టి ఆరాధన కూడా శుక్రవారమే. కువైట్ సిటీలోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో రకరకాల భాషల సంఘాలు గంటల లెక్కన హాళ్లు పంచుకుంటాయి, తెలుగువాళ్లు కూడా. ముస్లిం ఇంట్లో పనిచేసుకుంటూ, ముస్లింల సెలవు రోజున, ముస్లిం దేశంలో ప్రభువును ఆరాధించి వచ్చిన మనిషికి ఇక్కడ పక్కింటి ముస్లింతో ఎలా మెలగాలో ప్రొజెక్టరు వేసి చెప్పాలా!

ఆ కువైట్ ఆవిడ మా వీధే. ఒకరోజు మచ్‌బూస్ వండింది. కువైట్‌వాళ్ల మసాలా అన్నం, నల్ల నిమ్మకాయ వేస్తారు. గిన్నె పట్టుకుని ఖర్జూరం డబ్బా ఇంటికే వెళ్లింది. నేను అరుగు మీదే ఉన్నాను.

"మాంసం మీవాళ్ల కొట్లోనే కొన్నానక్కా, అనుమానం లేకుండా తినండి" అంది ముందుగానే. తర్వాత హుషారుగా ఏదో అరబ్బీలో అడిగింది. ఆ ముస్లిం ఆవిడ తెల్లబోయింది. "నాకు నమాజులో అరబ్బీయే గానీ మాటల అరబ్బీ రాదమ్మా. నీకెలా వచ్చింది?" ఇద్దరూ నవ్వుకున్నారు. చర్చికి వెళ్లే మనిషికి అరబ్బీ గడగడా వస్తుంది, ఖురాన్ చదివే మనిషికి తెలుగే సుఖం. సాయంత్రానికి గిన్నె తిరిగి వచ్చింది, నిండుగానే. కజ్జికాయలకు చిరునామా దొరికింది.

అక్కడ ఏ వారంలో ఏం చేయాలన్న లెక్క లేదు. ఒకరి ఇంట్లో పరాయిగా బతికిన మనిషికి ఇంకొకరి గుమ్మంలో ఎలా నిలబడాలో తెలిసింది. ఇస్లాం తొలి రోజుల్లో మక్కాలో వేధింపులు తట్టుకోలేక కొందరు ముస్లింలు అబిసీనియాకు పారిపోతే అక్కడి క్రైస్తవ రాజు ఆశ్రయం ఇచ్చాడు. మీరు నమ్మేదేమిటో చెప్పమన్నాడు. వాళ్లు ఖురాన్‌లోని మరియమ్మ అధ్యాయం చదివితే కన్నీళ్లతో విన్నాడని ముస్లిం చరిత్రకారులే రాసుకున్నారు. ఆయన వాళ్లకు ప్రసంగం చేయలేదు, ముందు విన్నాడు. పద్నాలుగు వందల ఏళ్లు దాటినా ముస్లిం ఇళ్లలో ఆ రాజు పేరు గౌరవంగా తలుస్తారు. మన దేశంలోనూ ఇలాంటి మలుపు ఉంది. ముస్లింల మధ్య సేవకు క్రైస్తవులను తయారు చేయడానికి 1930లో లాహోర్‌లో మొదలైన హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ ఊళ్లు మారుతూ హైదరాబాద్ చేరింది. కాలక్రమంలో దాని పనే మారిపోయి మతాల మధ్య సఖ్యత కోసం పనిచేసే సంస్థ అయింది. మా శిక్షణ ఫైల్లో దాని ఊసే లేదు.

దీనికి జవాబు నాకు తెలుసు. "వెళ్లి సమస్త జనులను శిష్యులను చేయుడి అన్నది ఆజ్ఞ. పక్కవాడితో అన్నీ పంచుకుని రక్షణ మాట ఒక్కటీ దాచుకుంటే అది ప్రేమ ఎలా అవుతుంది?" అంటారు. నిజాయితీ ఉన్న ప్రశ్నే, కాదనను. అయితే దాచుకోవద్దనే కదా నేనూ చెబుతున్నది! కువైట్ ఆవిడ ఆదివారం గుడికి వెళ్తుందని, యేసును దేవుడని నమ్ముతుందని పక్కింటావిడకు తెలుసు. యేసు ప్రవక్త అని పక్కింటావిడ నమ్మకం. ఈ తేడా మీద ఇద్దరూ మొహమాటం లేకుండా వాదించుకోవడం నేను విన్నాను. దాపరికం లేని చోట వాదన కూడా కబుర్లలో కలిసిపోతుంది. ఇక ఏ చర్చి ఏ పని చేసినా మత మార్పిడి కుట్రే అనేవాళ్లకు నేను చెప్పేదేమీ లేదు, కానీ రిబ్బను కట్టిన ఆ డబ్బాయే వాళ్ల చేతికి సాక్ష్యంగా దొరుకుతుంది.

సంఘాలకు నిజంగా ఏదైనా చేయాలని ఉంటే పని కళ్లెదుటే ఉంది. గల్ఫ్‌కు వెళ్లే ఆడవాళ్లలో ముస్లింలూ ఉన్నారు, క్రైస్తవులూ ఉన్నారు. ఏజెంటు ఎవరి మతమూ అడగడు, డబ్బులే అడుగుతాడు. పదో తరగతి దాటని ఆడవాళ్లు ఇంటిపనికి గల్ఫ్ వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలని మన నిబంధన. ప్రైవేటు ఏజెంట్ల ద్వారా కాకుండా ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని 2016లో కేంద్రం చెప్పింది, మన రాష్ట్రానికి అలాంటి ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్ ఉంది. అయినా విజిట్ వీసా మీద ఎక్కించేవాళ్లు ఎక్కిస్తూనే ఉన్నారు. అలా వెళ్లిన మనిషికి అక్కడ కాగితం బలం ఉండదు. కువైట్ 2015లోనే 68వ నంబరు చట్టం చేసింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికో సెలవు ఇవ్వాలి, ఒప్పుకోకుండా పాస్‌పోర్టు లాక్కోకూడదు. ఈ మూడు ముక్కలు తెలియకుండానే మనవాళ్లు విమానం ఎక్కేస్తున్నారు. ఒక చర్చి కమిటీ, ఒక మసీదు కమిటీ కలిసి నెలకో పూట ఒక బల్ల వేసుకుని వీసా కాగితాలు చూసి పెట్టడానికి ఏ వేదాంతం అడ్డొస్తుంది? ప్రొజెక్టరుకు పెట్టిన ఖర్చులో సగం చాలదా? మీటింగులకు లక్షలు పోసే సంఘాలు, మసీదుకు మార్బుల్ వేయించే పెద్దలు ఇద్దరూ ఈ ఆడవాళ్లు పంపిన దినార్లలోంచి చందాలు తీసుకున్నవాళ్లే. జీతం ఆగిపోయిందని ఫోన్ వచ్చినప్పుడు మాత్రం ప్రార్థన చేద్దాం, దువా చేద్దాం అంటారు.

ఖర్జూరం డబ్బా ఇంట్లో పెద్ద కూతురికి 31 ఏళ్లు, భర్త లేడు, కువైట్ వెళ్తానంటోంది. ఇప్పుడు రోజూ సాయంత్రం మన కువైట్ ఆవిడ వాళ్ల వంటింట్లో పీట వేసుకుని కూర్చుని మాటలు నేర్పుతోంది. ఆ అమ్మాయి నోటుబుక్కులో తెలుగులో రాసుకుంటోంది. నీళ్లు, అన్నం, రా, వెళ్లు లాంటివి తర్వాత చూద్దువు గానిలే అని మొదటి రోజు రెండే మాటలు చెప్పిందట. రాతిబ్ అంటే జీతం. జవాజ్ అంటే పాస్‌పోర్టు.