నిలకడలేని ఇంజన్
స్టార్ట్ చేయగానే సాఫీగా నడిచి, వేడెక్కి ఐడిలింగ్‌కు (యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ నెమ్మదిగా తిరిగే స్థితికి) రాగానే దగ్గుతూ ఆగిపోయే బండి కంటే విసుగు పుట్టించేది మరొకటి లేదు. నిప్పురవ్వ పుట్టించే స్పార్క్ ప్లగ్ విప్పితే మొనపై పొడి మసి నల్లగా పేరుకుని ఉంటుంది కనుక, పెట్రోలు ఎక్కువవుతోందని తేల్చుకుని, ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేసి, మాన్యువల్ ప్రకారం ప్లగ్ మొనల మధ్య గ్యాప్‌ను 0.7 మిల్లీమీటర్లకు సరిచేసి బిగిస్తే, ఈసారి యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా సైలెన్సర్‌లో టపటపా పేలుళ్లు వినిపిస్తాయి, అంటే ఇప్పుడు పెట్రోలు చాలడం లేదన్నమాట. ఐడిలింగ్‌లో పెట్రోలు అందించే పైలట్ జెట్ సన్నని రంధ్రంలో నలుసు చేరినా, పెట్రోలునూ గాలినీ కలిపే కార్బురేటర్‌కూ ఇంజన్‌కూ నడుమనున్న రబ్బరు గొట్టం బీటలు వారినా లక్షణం ఇంచుమించు ఒకటే కావడం అసలు బాధ. జెట్‌ను చేరాలంటే కార్బురేటర్ అడుగున పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నె విప్పాలి. దాని స్క్రూలేమో (ఎవరు బిగించారో గాని) కదలక ముందే తలలు అరిగిపోతాయి. ఐడిలింగ్ వేగాన్ని సరిచేసే ఐడిల్ స్క్రూ కాస్త తిప్పితే చాలని సలహా ఇచ్చేవారికి, అది జబ్బును కప్పిపుచ్చడమే తప్ప నయం చేయడం కాదని ఎన్నిసార్లు చెప్పాలి?