అరబిక్ అక్షరాలు చార్ట్ చూపిస్తే రావు, దిద్దించాలి

అరబిక్ మొదలుపెట్టినవాళ్లు ఎక్కువమంది ఎక్కడ ఆగిపోతారంటే, 28 అక్షరాలు బట్టీ పట్టేశాక. చార్ట్‌లో విడివిడిగా ఉన్నప్పుడు అన్నీ గుర్తుపడతారు, పదంలోకి వచ్చేసరికి ఒకదాని తోక పోతుంది ఇంకోటి పక్కదానితో కలిసిపోతుంది, ఇక ఏది ఏదో తెలీదు. అప్పుడు ఇంకో పెద్ద చార్ట్ చేతిలో పెడతారు, మొదట్లో ఇలా మధ్యలో ఇలా చివర్లో ఇలా అని. నాకు కోపం వచ్చేది ఇక్కడే. చెయ్యి ఆగకుండా ముందుకి పోతుంటే అక్షరం అలా మారుతుంది, అది చేత్తోనే తెలియాలి. అందుకే కాలిగ్రఫీని మొదటి రోజు నుంచే పెట్టాలంటాను.

బైత్ అనే మాట తీసుకోండి, ఇల్లు అని అర్థం. బా, యా, తా. కుడి నుంచి పన్నులా పొడుచుకొచ్చిన ఒక చిన్న గీత, పక్కనే ఇంకో పన్ను, ఆ తర్వాత పడవలా సాగిన గీత, అంతా ఒకే ఊపులో. చెయ్యి ఎత్తాకే చుక్కలు: మొదటి పన్ను కింద ఒకటి, రెండోదాని కింద రెండు, పడవ మీద రెండు. పదిసార్లు దిద్దితే మొదటి రెండు అక్షరాలూ ఒకే ఒంటితో ఉన్నాయని, తేడా అంతా చుక్కల్లోనే ఉందని ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ చుక్కే కొలత కూడా. 10వ శతాబ్దంలో బాగ్దాద్‌లో ఇబ్న్ ముఖ్లా అనే కాలిగ్రాఫర్ అక్షరాల సైజుని కలం మొన పెట్టే డైమండ్ చుక్కతో లెక్కగట్టే పద్ధతి తెచ్చాడు. దీనివల్ల టీచర్ "బాలేదు" అని ఊరుకోనక్కర్లేదు, నిలువు గీతలా ఉండే మొదటి అక్షరం అలిఫ్ ఒక చుక్క పొట్టిగా వచ్చిందని నేర్చుకునేవాళ్లే చూసుకోవచ్చు. రెల్లు కలం లేకపోతే రెండు పెన్సిళ్లు కలిపి కట్టినా గీత ఎక్కడ లావు ఎక్కడ సన్నమో కనిపిస్తుంది.

కాలిగ్రఫీకి ఏళ్లు పడుతుంది కదా అంటారు. నిజమే, అక్షరాలు ఒకదాని మీద ఒకటి పేర్చే సులుస్ అనే శైలితో మొదలుపెడితే చదవడం అసలే రాదు. పుస్తకాల్లో ఉండే నస్ఖ్ శైలితో మొదలుపెట్టి, తర్వాత రోజువారీ చేతిరాత శైలి రుఖా చేయిస్తే చాలు. రుఖా అసలు వదలకూడదు, ఎందుకంటే చేత్తో గబగబా రాసేటప్పుడు రెండు చుక్కలు ఒక చిన్న అడ్డగీత అయిపోతాయి, మూడు చుక్కలు చిన్న టోపీలా మారతాయి, ప్రింట్ మాత్రమే చదివినవాళ్లు చేత్తో రాసిన చిన్న చీటీ దగ్గర కూడా ఆగిపోతారు.