బొమ్మలేసేవాళ్లకి డబ్బులెందుకండీ?

ఈమధ్య ఎవర్ని కదిపినా అమెరికా కామిక్స్ కంపెనీల్ని తిట్టడమే, పాపం ఆర్టిస్టుల్ని దోచేశారంట, నోట్లో మట్టి కొట్టారంట, ఒకటే గోల. నేను మాత్రం ఒప్పుకోను. బొమ్మలేసేవాడి చేతికి డబ్బు అంటకుండా తరాల తరబడి ఎంత ఓపిగ్గా, ఎంత శ్రద్ధగా చూసుకుంటూ వచ్చారో ఒక్కడికీ పట్టట్లేదు. డబ్బొస్తే మనిషి పాడైపోతాడు, గీత వంకర పోతుంది, ఈ ముక్క మన పెద్దలకి తెలుసు, న్యూయార్క్ పెద్దలకి ఇంకా బాగా తెలుసు.

1938 మార్చి 1 తారీఖు వేసిన చెక్కు ఒకటుంది. క్లీవ్‌లాండ్ కుర్రాళ్లిద్దరికి, కథలు రాసే జెర్రీ సీగెల్‌కీ బొమ్మలేసే జో షుస్టర్‌కీ, డిటెక్టివ్ కామిక్స్ వాళ్లు ఇచ్చింది. మొత్తం 412 డాలర్లు. దేనికెంతో చెక్కు మీదే పద్దు రాశారు, ఒకదానికి 210, ఇంకో రెండిటికి చెరో 36, సూపర్‌మ్యాన్‌కి 130. పదమూడు పేజీల కథ, పేజీకి పది డాలర్లు, ఇంక సూపర్‌మ్యాన్ మీద సర్వహక్కులూ అంటారా, కూరగాయల బండి దగ్గర కరివేపాకు రెబ్బ కొసరు వేయించుకున్నట్టు అవి కొసరులో వచ్చేశాయి. చెక్కు మీద ఇద్దరి పేర్లూ తప్పే పడ్డాయి, అందుకని కుర్రాళ్లు వెనకాల తప్పు స్పెల్లింగ్‌తో ఓసారి, సరైన స్పెల్లింగ్‌తో ఇంకోసారి సంతకాలు పెట్టుకోవాల్సొచ్చింది. పేరన్నా సరిగ్గా తెలీని మనిషికి డబ్బిచ్చారంటే దాన్ని దానం అంటారు గానీ దోపిడీ అంటారా ఎవరన్నా? ఆ చెక్కు 2012లో వేలానికొచ్చి 1,60,000 డాలర్లు పలికింది. బొమ్మ కాదండీ, చెక్కు. ఆ కథ అచ్చయిన పది సెంట్ల పుస్తకం కాపీ ఒకటి 2024లో 60 లక్షల డాలర్లకి పోయింది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని ఊరికే అన్నారా.

ఆ ఇద్దరూ మధ్యలో కోర్టుకెళ్లారు, ఓడిపోయారు, పనీ పోయింది. షుస్టర్‌కి చూపు దాదాపు పోయి న్యూయార్క్‌లో తమ్ముడి పంచన చేరితే, సీగెల్ లాస్ ఏంజెలిస్‌లో గుమాస్తా పనిలో చేరాడు. 1975లో సూపర్‌మ్యాన్ సినిమా వస్తోందని తెలిసి సీగెల్ పేపర్లకెక్కితే, నీల్ ఆడమ్స్, జెర్రీ రాబిన్సన్ లాంటి తోటి ఆర్టిస్టులు గట్టిగా అల్లరి చేస్తే, అప్పుడు, ఆ కామిక్స్ కంపెనీకి అప్పటి యజమానులైన వార్నర్ వాళ్లు తలా ఏడాదికి 20,000 డాలర్లు ఇస్తామన్నారు, పేర్లు కూడా వేస్తామన్నారు. ఆ సినిమాలో కొద్ది నిమిషాలు కనపడ్డ మార్లన్ బ్రాండోకి ఇచ్చింది 37 లక్షల డాలర్లని చెప్పి దెప్పుతుంటారు కొందరు. బ్రాండో డైలాగులు చెప్పాలి, విగ్గు పెట్టుకోవాలి, ఎన్ని కష్టాలు. వీళ్లేం చేశారు, ఆ పాత్రని పుట్టించారు, అంతేగా.

జాక్ కర్బీ సంగతి చూడండి. థోర్, హల్క్ తెరమీదికి రాగానే మన హైదరాబాద్ హాళ్లలో కూడా ఈలలేస్తారు, ఈలేసే వాళ్లలో ఎంతమందికి వాళ్లని మొదట గీసిన ఈయన పేరు తెలుసో మీరే ఊహించుకోండి. మార్వెల్‌కి ఆయన గీసింది మొత్తం పదివేల పేజీల పైమాటే అని అంచనా. ఆ రోజుల్లో చెక్కు వెనకాల ఒక రబ్బరు స్టాంపు ఉండేది, చెక్కు మార్చుకోవాలంటే దాని కింద సంతకం పెట్టాలి, పెట్టావంటే హక్కులన్నీ మావే అని దానర్థం. ఇంట్లో బియ్యం నిండుకున్నప్పుడు స్టాంపు మీద అక్షరాలు ఎవడు చదువుతాడు, ఆ సౌకర్యం కూడా ఆలోచించే పెట్టారు. ఎనభైల్లో మార్వెల్ పాత ఒరిజినల్ పేజీలు ఎవరివి వాళ్లకి తిరిగిచ్చేస్తామంది, మిగతా ఆర్టిస్టులందరికీ సంతకం పెట్టమని ఒక పేజీ కాయితం పంపితే కర్బీకి మాత్రం నాలుగు పేజీల కాయితం పంపారు. నాలుగు రెట్ల గౌరవం! ఆయన ఆ గౌరవాన్ని కాదని ఏళ్ల తరబడి కొట్లాడితే 1987లో సుమారు రెండువేల పేజీలు చేతికొచ్చాయి. మిగతావి ఏమయ్యాయని అడక్కూడదు, అది మర్యాద కాదు.

ఈ మొత్తం రంగంలో నేను దణ్ణం పెట్టే ఆర్టిస్టు ఒక్కడే, బాబ్ కేన్. బ్యాట్‌మ్యాన్ మీద తన పేరొక్కటే ఉండేట్టు మొదట్లోనే కంపెనీతో రాయించుకున్నాడు, తర్వాత కథలు బిల్ ఫింగర్‌తో రాయించాడు, బొమ్మలు జెర్రీ రాబిన్సన్ లాంటి కుర్రాళ్లతో వేయించాడు, ఆ తర్వాత షెల్డన్ మాల్డాఫ్ అనే ఆయన 1953 నించి 1967 దాకా వేస్తే దాని మీద పడ్డ సంతకం మాత్రం బాబ్ కేన్. సొమ్మొకడిది సోకొకడిది అనే సామెతకి ఇంత నిష్ఠగా బతికిన మనిషి ఇంకొకడు దొరకడు. బ్యాట్‌మ్యాన్ ముసుగు, కేపు, ఆ పేరు వెనక మనిషి బ్రూస్ వేన్, ఇవన్నీ ఫింగర్ చెప్పినవే, ఆయన 1974లో పోయాడు, పక్కన పేరు పడింది 2015లో. నలభై ఒక్క ఏళ్లు లేటు, మన ఆఫీసుల్లో ఫైలు కదలాలన్నా ఇంత పట్టదు. పెన్సిల్ ఎంత దూరం పెడితే డబ్బు అంత దగ్గరికొస్తుందని కేన్ అందరికన్నా ముందు కనిపెట్టాడు, ఆర్ట్ స్కూళ్లలో ఇది ఫస్ట్ క్లాసులోనే చెప్పాలి.

మ్యాగజైన్ల వాళ్లు కాస్త నయం అంటారు. నార్మన్ రాక్‌వెల్ 1916 నించి 1963 దాకా శాటర్డే ఈవెనింగ్ పోస్ట్‌కి మూడొందల పైన కవర్లు వేశాడు, బాగానే బతికాడు, అది నేను కాదనను. కానీ 1951లో ఆయన వేసిన కవరు పెయింటింగ్, హోటల్లో భోజనం ముందు దణ్ణం పెట్టుకునే నాయనమ్మా మనవడూ బొమ్మ, 2013లో 4.6 కోట్ల డాలర్లకి అమ్ముడుపోయిందే, ఆ అమ్మింది ఎవరనుకున్నారు? ఆ పత్రిక ఆర్ట్ ఎడిటర్ కుటుంబం. సంప్రదాయం ఎక్కడా తప్పలేదు చూశారా.

అన్నిటికన్నా చక్కటి ఏర్పాటు పెయింటర్ రాయ్ లిక్టెన్‌స్టైన్‌ది. 1962 మొదట్లో వచ్చిన ఒక యుద్ధం కామిక్, దాని 89వ సంచిక. అందులో ఇర్వ్ నోవిక్ గీసిన విమానం ఒకటి, రస్ హీత్ గీసిన విమానం ఇంకొకటి ఈయన పెద్ద కాన్వాసుల మీదికి ఎక్కించాడు, మ్యూజియంలో పెట్టారు, కళ అన్నారు. చిన్నగా గీసి పన్నెండు సెంట్లకి అమ్మితే చెత్త, అదే బొమ్మ గోడంత చేస్తే కళ. లిక్టెన్‌స్టైన్ బొమ్మొకటి 2017లో 16.5 కోట్ల డాలర్లు పలికిందని వార్త. హీత్‌కి తన విమానం మీద ఒక్క సెంటు రాలేదు.

ఇంత పకడ్బందీగా నడుస్తున్న వ్యవస్థలో 2000లో ఒక అపశ్రుతి దొర్లింది. హీరో ఇనిషియేటివ్ అని ఒక చారిటీ మొదలైంది, వయసుమళ్లిన కామిక్ ఆర్టిస్టుల ఇంటి అద్దెలూ హాస్పిటల్ బిల్లులూ వీళ్లు కడతారంట, హీత్‌కి కూడా ముసలితనంలో సాయం చేశారు. అంటే చివరికి డబ్బు నేరుగా బొమ్మలేసినవాడి చేతికే పోతోందన్నమాట! దీన్ని ఇలాగే వదిలేస్తే రేపు ప్రతివాడూ నా బొమ్మకి నా వాటా అంటాడు. దీని మీద వెంటనే ఎంక్వైరీ వేయాలి, అంత ఓపిక లేకపోతే కనీసం వాళ్లిచ్చే చెక్కుల వెనకాలన్నా ఆ పాత రబ్బరు స్టాంపు గుద్దించాలి.