మూడో పాయింటు పాటించినవాడు నాలుగో పాయింటు వాడిని చంపుతాడు

మొన్నటి గాలివాన తర్వాత ‘కరెంటు పోయినా కంగారొద్దు: ఏడు చిట్కాలు’ అనే మెసేజ్ నాకు ఆరుసార్లు వచ్చింది. పదో తరగతి బ్యాచ్ గ్రూపులో వచ్చింది, చిట్టీ గ్రూపులో వచ్చింది, మా బావ అయితే రెండుసార్లు పంపాడు. చివర్లో ‘పది మందికి పంపితే ఒక ప్రాణం కాపాడినట్టే’ అని దండాల బొమ్మలు. మొదట చూసి వదిలేశా. ఆరోసారి వచ్చినప్పుడు దాని కింద మా ఊరి పిల్లవాడొకడు ‘సూపర్ అన్నా, ఈ రాత్రే ట్రై చేస్తా’ అని పెట్టాడు. ఇక ఊరుకోలేకపోయా.

ఒకటి. ‘దామరచర్లలో, సాగర్‌లో కరెంటు మన నల్గొండలోనే పుడుతుంది. మనకు ఆపి హైదరాబాద్‌కు పంపుతున్నారు.’ దామరచర్లలో ఒక్కోటి 800 మెగావాట్ల చొప్పున ఐదు యూనిట్లు కట్టిన మాట నిజమే. అయితే? చెరువు నిండా నీళ్ళున్నా తూము పూడుకుపోతే మడి తడవదు. మీ ఊరి 11 కేవీ లైను మీద చింతకొమ్మ విరిగి పడి ఉంది. అది తీసేదాకా దామరచర్ల ఏం చేస్తుంది?

రెండు. ‘ఫోన్ ఆన్‌లో ఉంటే పిడుగు ఫోన్ మీద పడుతుంది. ఫోన్ టార్చ్ మీద నీళ్ళ బాటిల్ పెడితే గదంతా వెలుగు.’ మొదటిది అబద్ధం. చెట్టు కింద నిలబడి ఫోన్ మాట్లాడేవాడి మీద పిడుగు చెట్టు వల్ల పడుతుంది, నింద ఫోన్‌కు. రెండోది నిజం, పెట్టుకోండి. ఫోన్ ఆన్‌లో ఉంటే పిడుగు పడేటట్టయితే దాని టార్చ్ ఎలా వేసుకోవాలో మాత్రం రాసినాయనే చెప్పాలి.

మూడు. నా ఓపిక ఇక్కడే అయిపోయింది. ‘చిన్న జనరేటర్ ఉంటే చాలు. రెండు చివరలా పిన్నులున్న వైరు చేయించుకోండి. ఒక చివర జనరేటర్‌లో, ఇంకో చివర ఇంట్లో ఏదో ఒక ప్లగ్గులో పెట్టండి. ఇల్లంతా కరెంటు. జనరేటర్ తడవకుండా వరండాలోనో వంటింట్లోనో పెట్టుకోండి.’

ముందు వంటింటి సంగతి. జనరేటర్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. జల్లు కొడుతోందని తలుపులు, కిటికీలు మూసుకుని పడుకున్న ఇంట్లో పొద్దున ఎవరూ లేవకపోవచ్చు. వరండాలో పెట్టినా తలుపు సందులోంచి లోపలికే వస్తుంది. ఇంటికి దూరంగా, ఆరుబయట పెట్టడానికి వీలు లేకపోతే ఆ రాత్రికి జనరేటర్ వద్దు, విసనకర్ర చాలు.

ఇక ఆ వైరు. ఒక చివర నడుస్తున్న జనరేటర్‌లో ఉంటే, రెండో చివర ఇత్తడి పిన్నులు 230 వోల్టులతో మీ చేతిలో ఉంటాయి. అవి పట్టుకుని, తడి కాళ్ళతో, చీకట్లో ప్లగ్గు వెతకాలన్నమాట. అదృష్టం బాగుండి పెట్టేశారనుకుందాం. ఆ కరెంటు మీ ఫ్యాన్ల దగ్గరే ఆగదు. మీటరు దాటి, సర్వీసు వైరు ఎక్కి స్తంభం మీదకు పోతుంది. అక్కణ్ణుంచి ట్రాన్స్‌ఫార్మర్‌కు. ట్రాన్స్‌ఫార్మర్‌కు ముందూ వెనకా తెలియదు. పైనుంచి 11 వేల వోల్టులు వస్తే దించి మనకిస్తుంది. కింది నుంచి 230 పోతే పైకి దాదాపు పదివేలు చేసి పంపుతుంది. లైను ఆపించుకున్నాననే ధైర్యంతో ఆ వైరు ముడి వేస్తున్న మనిషి చేతుల్లోకి.

‘ఊరి లోడంతా మీద పడితే ఆ బుల్లి జనరేటర్ అక్కడికక్కడే ఆగిపోతుంది కదా’ అని మా బావ వాదన. పాలిటెక్నిక్ చదివినాయన. ఊరంతా ఆ లైను మీదే ఉంటే ఆగిపోవచ్చు బావా. గాలివాన రాత్రి ఊరి వైపు వైర్లు తెగి, ట్రాన్స్‌ఫార్మర్‌కు మీ ఇల్లొక్కటే మిగిలి ఉండొచ్చు. అప్పుడు ఆగదు. ఆగినా, ఆగేలోపు ఒక్క క్షణం నడిస్తే చాలదా? ‘మెయిన్ ఆఫ్ చేసి పెడతాం’ అంటారు మరికొందరు. ఆ చీకట్లో, ఆ హడావుడిలో, రోజూ, తప్పకుండా? ఈ మరుపు కోసమే చేంజ్ ఓవర్ స్విచ్ అని ఒకటుంది. అది పెడితే ఇంటికి లైను కరెంటో జనరేటర్ కరెంటో ఏదో ఒకటే వస్తుంది, రెండూ కలవవు. ఎలక్ట్రీషియన్‌తో అది పెట్టించుకోండి.

నాలుగు. ‘లైన్‌మన్ కోసం ఎదురుచూడొద్దు. ఏబీ స్విచ్ దించి, ఎండు కర్రతో ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజులు మీరే వేసుకోండి.’ ఆహా. రాత్రంతా వాన కురిసిన ఊళ్ళో ఎండు కర్ర ఎక్కడ దొరుకుతుందో కూడా చెబితే బాగుండేది. ఏబీ స్విచ్ అంటే ట్రాన్స్‌ఫార్మర్‌ను పై 11 కేవీ లైను నుంచి విడదీసే స్విచ్. అది దించితే పైనుంచి వచ్చే కరెంటే ఆగుతుంది. అదీ మూడు బ్లేడులూ ఊడితేనే. ఒకటి అతుక్కుపోయి ఉంటే చీకట్లో కింది నుంచి చూసేవాడికి కనపడదు. కింది నుంచి, మూడో పాయింటు చదివి జనరేటర్ పెట్టుకున్న వాళ్ళింట్లోంచి వచ్చేదాన్ని ఏబీ స్విచ్ ఆపదు. ఒకే మెసేజ్, ఒకే ఊరు, ఒకే రాత్రి. మూడో పాయింటు పాటించినవాడు ఫ్యాన్ కింద నిద్రపోతుంటాడు, నాలుగో పాయింటు పాటించినవాడు ట్రాన్స్‌ఫార్మర్ గద్దె మీద పడి ఉంటాడు. కాపాడిన ప్రాణం ఏది? లైన్‌మన్ కూడా సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైను ఆపాం, పని చేసుకోమనే ‘లైన్ క్లియర్’) తీసుకున్నాకే లైను ముట్టాలి. మీకు ఎల్‌సీ ఎవరిస్తారు?

అయితే ఒక మాట. మా నాన్న కూడా ఏళ్ళ తరబడి ఫ్యూజులు ఆయనే వేశాడు. నేను టార్చ్ పట్టుకుని పక్కన నిలబడ్డా. లైన్‌మన్ ఒక్కడు, ఊళ్ళు నాలుగు, ఇక్కడ పొలం ఎండుతోంది. ఆ స్థితిలో ఉన్నవాడిని ‘తెలివిలేదా’ అని తిట్టడానికి నాకు నోరు రాదు. కానీ అప్పుడు మా ఊళ్ళో ఒక్క జనరేటర్ కూడా లేదు. ఇప్పుడు ఫంక్షన్ హాల్‌కుంది, కోళ్ళ ఫారానికుంది, ఈ మెసేజ్ పుణ్యాన రేపు ఇంకెన్ని ఇళ్ళకుంటాయో.

ఐదు. ‘ఊరంతా కరెంటు లేనప్పుడు తెగిన వైరులో కరెంటు ఉండదు. చెప్పులేసుకుని పక్కకు జరపొచ్చు.’ సబ్‌స్టేషన్‌లో లైను ఒకసారి వేసి చూస్తారు, నిలుస్తుందా లేదా అని. ఆ వేసే క్షణం మీకు ఫోన్ చేసి చెప్పరు. మన రాతి నేలల మీద పడ్డ వైరు కొన్నిసార్లు ట్రిప్ కూడా అవ్వదు, కరెంటుతోనే పడి ఉంటుంది. పది మీటర్ల అవతల ఉండండి, బర్రెలను అటు పోనివ్వకండి, 1912కు చెప్పండి.

ఆరు. ‘ఫ్రిజ్‌లో కోసిన ఉల్లిగడ్డ పెడితే కూరలు పాడవవు. ఇన్సులిన్‌ను ఫ్రీజర్‌లోకి మార్చండి.’ ఉల్లిగడ్డ మీ ఇష్టం. ఇన్సులిన్ మాత్రం ఫ్రీజర్‌లో వద్దు. ఒక్కసారి గడ్డకట్టిందంటే కరిగాక కూడా పనికిరాదు. డబ్బాలో పెట్టి, తడి తగలకుండా మూత బిగించి, నీళ్ళ రంజన్‌లో ఉంచితే ఎంతో నయం.

ఏడు. దీన్ని చూసి నవ్వుదామనే మొదలుపెట్టా. ‘కరెంటు పోగానే ఫ్రిజ్, ఏసీ, మోటారు ఆపేయండి. ఒక్క బల్బు స్విచ్ వేసి ఉంచండి.’ ఇది నూటికి నూరుపాళ్ళు కరెక్టు. మోటారు లేచేటప్పుడు నడిచేటప్పటి కంటే ఐదారు రెట్లు కరెంటు గుంజుతుంది. ఆటో స్టార్టర్లు ఉంటే కరెంటు వచ్చీ రాగానే బోర్లన్నీ ఒక్కసారే లేస్తాయి, ఫ్యూజులు మళ్ళీ ఎగిరిపోతాయి. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు వాటిని తీసేయమని ఊరూరా చెప్పింది ఇందుకే. మా బోరుకు ఇప్పటికీ ఉంది. నాన్న అన్ని రాత్రులు వేసిన ఫ్యూజుల్లో మా మోటారు పుణ్యాన పోయినవి ఎన్నో.

నిన్న ఫోన్ చేసి అదే చెప్పా. ‘తీసేస్తాలేరా. ముందు నువ్వొచ్చి కల్లం కాడ తడిసిన వడ్లు ఎత్తు’ అన్నాడు.