జడ్పీ ఫలితంలో గాలి కోసం వెతక్కండి

2019 ఏప్రిల్ 11న ఉమ్మడి నల్లగొండ ఓటర్లు ఇద్దరు కాంగ్రెస్ నేతలను లోక్‌సభకు గెలిపించారు. ఉత్తమ్‌కుమార్ రెడ్డి నల్లగొండలో 25 వేలకు పైగా ఓట్ల ఆధిక్యంతో బయటపడ్డారు. భువనగిరిలో కోమటిరెడ్డి వెంకట్‌రెడ్డి ఆధిక్యం 5 వేల పైచిలుకే. ఇదే జనం మే నెలలో మూడు విడతల్లో జడ్పీటీసీలకు, అంటే మండలానికొకరు చొప్పున ఉండే జిల్లా పరిషత్ (జడ్పీ) సభ్యులకు, ఓటేశారు. జూన్ 4న లెక్కపెడితే నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి జడ్పీలు మూడూ అప్పటి అధికార గులాబీ పార్టీ టీఆర్ఎస్‌వే. పాలమూరు వైపు లోక్‌సభ సీట్లు కూడా ఆ పార్టీకే వచ్చాయి కాబట్టి అక్కడ వింతేమీ లేదు. తెలంగాణ మొత్తమ్మీద 32 జడ్పీలకు 32 ఆ పార్టీ ఖాతాలోనే పడ్డాయి.

నెల రోజుల్లో జనం మనసు మార్చుకున్నారా? లోక్‌సభ ఫలితం మే 23న గానీ రాలేదు. అంటే గెలిచినవాళ్లెవరో తెలియకముందే ఈ రెండో ఓటు పడింది. కాంగ్రెస్ కార్యకర్తలు చేతులెత్తేశారనీ, అభ్యర్థుల ఎంపిక బాగాలేదనీ విశ్లేషణలు నడిచాయి. కొంత నిజమే కావచ్చు. నాకు మాత్రం అసలు కారణం జడ్పీ ఖాళీ జేబులోనే కనిపిస్తుంది. తాగునీరు రాష్ట్ర సర్కారు పథకం మిషన్ భగీరథ కిందికి పోయింది, పింఛన్లు నేరుగా సర్కారువి. ఊళ్లో సీసీ రోడ్డు పడాలన్నా జడ్పీటీసీ ఎమ్మెల్యే ఇంటి ముందు నిలబడాల్సిందే. అప్పటికి ఆర్నెల్ల కిందటే 88 సీట్లతో మళ్లీ గద్దెనెక్కిన పార్టీని కాదని ఇంకొకరిని గెలిపిస్తే పని ఎవరు చేయిస్తారు? ఊరి ఓటరు లెక్క అదే. ఆ లెక్కలో తప్పేమీ లేదు.

ఎన్టీఆర్ హయాంలో, 1987లో, జడ్పీ చైర్మన్‌ను జనమే నేరుగా ఎన్నుకున్నారు. 1994 పంచాయతీరాజ్ చట్టంతో ఆ ఓటు పోయి చైర్మన్ ఎంపిక జడ్పీటీసీల చేతికి వచ్చింది, వాళ్లు చేజారకుండా పార్టీలు ఒకచోట దాచిపెట్టే క్యాంపులూ వచ్చాయి. 2019 జూన్ 6న 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు అధికార పక్షంలో విలీనమయ్యారు. ఎల్లుండికి, అంటే 8న, చైర్‌పర్సన్ల ఎన్నిక జరిగింది. ఆ వాతావరణంలో ప్రతిపక్ష జడ్పీటీసీకి ఎంత ధైర్యం మిగులుతుంది? 

2024 జులైలో పాలకవర్గాల గడువు ముగిసి జడ్పీలు ప్రత్యేకాధికారుల చేతికి పోయినప్పుడు, పల్లెల్లో ఎవరూ కంగారు పడలేదు.

అందుకే జడ్పీలన్నీ ఒకే రంగులోకి మారినంత మాత్రాన అది ప్రభుత్వంపై తీర్పు అనుకోలేం. చూడాల్సింది అధికార పార్టీ ఎమ్మెల్యే ఉండి కూడా ఆ పార్టీ జడ్పీటీసీ ఓడిన మండలాలను. పనులు ఆగిపోతాయని తెలిసే అక్కడ ఓటేశారు.