విశాఖ భవిష్యత్తు కౌన్సిల్ హాల్లోనే ఉంది

గూగుల్ 15 బిలియన్ డాలర్ల డేటా సెంటర్ ప్రకటన 2025 అక్టోబరులో వచ్చినప్పటి నుంచి విశాఖలో ఏ నలుగురు కలిసినా గజం రేటు మాటే. ఆనందపురం వైపు ఎంత పలుకుతోంది, భోగాపురం వైపు ఎంత పెరుగుతుంది అనేదే లెక్క. పెట్టుబడి రావాల్సిందే. కానీ పెద్ద ప్రాజెక్టు ఒకటి వస్తే ఊరి తలరాత మారిపోతుందన్న ఆశ విశాఖకు కొత్త కాదు. 1933లో పోర్టు వచ్చింది. 1941లో షిప్‌యార్డుకు పునాది పడింది. 1957లో రిఫైనరీ, తర్వాత పరిశ్రమలకు భారీ పరికరాలు తయారు చేసే బీహెచ్‌పీవీ, ఎరువుల ఫ్యాక్టరీ, 32 మంది ప్రాణాలర్పిస్తే దక్కిన ఉక్కు కర్మాగారం. అయినా శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి కూలీలు హైదరాబాద్, చెన్నై రైళ్లు ఎక్కుతూనే ఉన్నారు. పరిశ్రమలు తక్కువై కాదు. ఆ పరిశ్రమల గురించి, భూమి గురించి, నీళ్ల గురించి నిర్ణయాలు జరిగే చోట ఇక్కడి మనిషికి కుర్చీ లేక.

ఉక్కు ఫ్యాక్టరీ సంగతే చూడండి. సొంత గనులు ఇవ్వకపోవడం ఢిల్లీ నిర్ణయం. 2021 జనవరిలో నూరు శాతం అమ్మేస్తామన్నది ఢిల్లీ. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చిందీ ఢిల్లీయే. ఈ మూడింటిలో ఒక్కదానికీ విశాఖను ఎవరూ అడగలేదు.

దేశాల మధ్య సంపదలో ఇంత తేడా ఎందుకో వివరించినందుకు అసెమోగ్లు, జాన్సన్, రాబిన్సన్‌లకు 2024లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ వచ్చింది. తేడాకు మూలం వ్యవస్థలేనన్న వాళ్ల వాదన మీద ఇప్పటికే బోలెడు చర్చ జరిగింది. రెండు కొరియాలదీ ఒకే జాతి, ఒకే భాష. ఒకటి ఎదిగి ఇంకొకటి కుంగడానికి కారణం వ్యవస్థలు. ఒప్పుకుంటాను. కానీ మనవాళ్లు ఈ చర్చను పార్లమెంటు దగ్గర, సుప్రీంకోర్టు దగ్గర ఆపేస్తారు. నా దృష్టిలో అసలు పరీక్ష మున్సిపాలిటీ. మనిషి రోజూ తగిలే ప్రభుత్వం అదే. అక్కడ జవాబుదారీతనం లేకపోతే పైన ఎన్ని గొప్ప వ్యవస్థలున్నా ఆ ఫలం వీధి దాకా రాదు.

విశాఖ నగర పాలక సంస్థ జీవీఎంసీకి 2007లో ఎన్నికలు జరిగాయి. కౌన్సిల్ గడువు 2012లో తీరింది. మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. తొమ్మిదేళ్లు! గడువు తీరకముందే ఎన్నికలు పూర్తి కావాలని రాజ్యాంగం 243-యు అధికరణంలో స్పష్టంగా రాసి ఉంది. వార్డుల విభజన అన్నారు, గ్రామాల విలీనం అన్నారు, కోర్టు కేసులన్నారు. ఉమ్మడి రాష్ట్రంలో కాంగ్రెస్, ఆ తర్వాత తెలుగుదేశం, ఆ తర్వాత వైసీపీ, ఎవరి హయాంలోనూ తొందర కనిపించలేదు. ఇప్పటి రాష్ట్రంలో అతిపెద్ద నగరాన్ని, ఎన్నికైన కౌన్సిల్ లేకుండా, ప్రభుత్వం నియమించిన స్పెషలాఫీసర్లతో నడిపించారు.

ఆ తొమ్మిదేళ్లలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నగరాన్ని చీల్చి చెండాడింది. ముఖ్యమంత్రి ఇక్కడే మకాం వేసి పనులు చూశారు, మంచిదే. ఆయన వెళ్లాక వార్డులో నిలబడి లెక్క చెప్పాల్సింది ఎవరు? 2016లో స్మార్ట్ సిటీ తొలి జాబితాలో విశాఖ పేరొచ్చింది. ఆ డబ్బును ఖర్చు పెట్టడానికి ఒక కంపెనీ పెట్టారు; ప్రశ్నించడానికి కౌన్సిలే లేదు. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి లీకై వెంకటాపురంలో 12 మంది చనిపోయారు. చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి తమకు లేదని ఆ కంపెనీ అంతకు ముందు ఏడాదే అఫిడవిట్‌లో ఒప్పుకుంది. ఆ కాగితం ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిరిగింది. దాన్ని చేత్తో పట్టుకుని సభలో నిలదీసే కార్పొరేటర్ ఆ రోజు లేడు. ఉంటే ప్రమాదం కచ్చితంగా ఆగేదని ఎవరూ చెప్పలేరు. అడిగే మనిషి లేకుండా చేసింది మాత్రం ప్రభుత్వాలే.

సోమవారం పొద్దున అర్జీలు తీసుకునే చోటికి వెళ్లి చూడండి. ప్లాస్టిక్ కవర్లో పట్టా జిరాక్సు, ఆధార్, పాత అర్జీ రసీదు పెట్టుకుని ముసలివాళ్లు కూర్చుని ఉంటారు. కాలువ పూడిక, పింఛను, ఇంటి పన్ను, ఆక్రమణ. ‘మీ కోసం’ అన్నారు, ‘స్పందన’ అన్నారు, ఇప్పుడు ప్రజా సమస్యల పరిష్కార వేదిక. ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారింది, వరుస తగ్గలేదు. కాలువ పూడికకు కలెక్టరు దాకా వెళ్లాల్సి వస్తోందంటే మధ్యలో ఉండాల్సిన వ్యవస్థ చచ్చుబడిందని అర్థం.

కార్పొరేటర్లంటే కమీషన్లు, కాంట్రాక్టులు తప్ప ఇంకేముంది, వాళ్ల కంటే ఐఏఎస్ నయం కదా అంటారు చాలామంది. అధికారులే అన్నీ నడిపిస్తారంటూ చైనాను చూపిస్తారు. అవినీతి నిజమే, దాన్ని వెనకేసుకు రాను. కానీ చైనాలో ప్రభుత్వ ఖర్చులో 80 శాతానికి పైగా స్థానిక ప్రభుత్వాల చేతుల మీదుగానే జరుగుతుంది. మన మున్సిపల్ కార్పొరేషన్లన్నిటి ఆదాయం కలిపినా జీడీపీలో ఒక శాతానికి రాదు. చేతిలో ఏమీ లేని పదవికి సత్తా ఉన్నవాళ్లు ఎందుకొస్తారు?

రాజ్యాంగ 74వ సవరణ మున్సిపాలిటీలకు 18 బాధ్యతలను 12వ షెడ్యూల్లో రాసి ఇచ్చింది. అందులో మొదటిది పట్టణ ప్రణాళిక. విశాఖలో మాస్టర్ ప్లాన్ వేసేది మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ, అది రాష్ట్రం చేతిలో ఉంటుంది. ఇంటి పన్నును అద్దె విలువ నుంచి ఆస్తి విలువకు మార్చింది కూడా రాష్ట్ర చట్టమే. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది వ్యవహారం. పైగా రాష్ట్రంలో అధికారం మారాక 2025 ఏప్రిల్‌లో అవిశ్వాసంతో మేయర్ కూడా మారిపోయారు. నగరం ఓటేసింది ఒకరికి, కుర్చీ ఎవరిదో తేల్చింది రాష్ట్ర రాజకీయం.

రాజధాని విషయంలోనూ ఇదే చూశాం. 2019లో విశాఖ కార్యనిర్వాహక రాజధాని అన్నారు, అందుకోసం చేసిన చట్టాన్ని 2021లో వెనక్కి తీసుకున్నారు, 2024 తర్వాత మళ్లీ అమరావతి ఒక్కటే. అయిదేళ్లకోసారి తలకిందులయ్యే మాటను నమ్మి ముప్పై ఏళ్ల పెట్టుబడి పెట్టేవాళ్లు అరుదు. పెట్టేవాళ్లు ఆ రిస్కుకు తగ్గట్టు భూమి చవకగా ఇవ్వమంటారు, కరెంటు రాయితీ అడుగుతారు. ఆ భారం చివరికి పడేది ఇక్కడి జనం మీదే.

అందుకే గూగుల్ ఎన్ని ఉద్యోగాలిస్తుందన్న చర్చ కంటే ముందు మూడు సంగతులు తేలాలి. గడువు తీరిన ఆరు నెలల తర్వాత స్పెషలాఫీసర్ పాలన చెల్లదని రాష్ట్ర చట్టంలో రాయాలి. మేయర్‌ను నేరుగా జనమే ఎన్నుకోవాలి, కమిషనర్ ఆ మేయర్‌కు జవాబు చెప్పాలి. మాస్టర్ ప్లాన్‌ను, కొత్త పరిశ్రమకు ఇచ్చే నీటి కేటాయింపును కౌన్సిల్ ముందు పెట్టి ఓటింగ్ జరపాలి. ఓటడగడానికి గడప తొక్కే ప్రతి పార్టీని విశాఖ ఓటరు ఈ మూడింటి మీద రాతపూర్వక హామీ అడగాలి.